సెన్సర్ బాగానే ఉందని చెప్పే హక్కు మల్టీమీటర్‌కి లేదు

ఇంజిన్‌లోకి గాలిని వదిలే పళ్లెం థ్రాటిల్. అది ఎంత తెరుచుకుందో వోల్టేజీ రూపంలో చెప్పేది థ్రాటిల్ పొజిషన్ సెన్సర్. దాన్ని చెక్ చెయ్యమంటే చాలామంది చేసేది ఒకటే. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా, సిగ్నల్ వైరుకి మల్టీమీటర్ పెడతారు. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు అర వోల్టుకి అటూ ఇటూగా ఉంటుంది. మెల్లగా తెరుస్తూ పోతే, పూర్తిగా తెరుచుకునేసరికి నాలుగున్నర వోల్టుల దాకా వెళ్తుంది. మధ్యలో అంకెలు వరసగా పెరిగాయి కదా, ఇంకేం కావాలి, "సెన్సర్ బాగానే ఉంది" అని తేల్చేస్తారు. ఈ పరీక్ష వద్దని నేననను. నా పేచీ అంతా ఆ చివరి మాటతోనే. మల్టీమీటర్ ఈ సెన్సర్‌ని దోషి అని పట్టివ్వగలదు. నిర్దోషి అని వదిలిపెట్టే హక్కు మాత్రం దానికి లేదు. ఆ హక్కు ఎంతోకొంత ఉన్నది, వోల్టేజీ కాలంతోపాటు ఎలా మారుతోందో స్క్రీన్ మీద గీతగా గీసి చూపించే ఆసిలోస్కోప్‌కే (క్లుప్తంగా స్కోప్). అదీ దాన్ని సరిగ్గా సెట్ చేసుకున్నప్పుడు మాత్రమే.

ఎందుకో తెలియాలంటే సెన్సర్ లోపల ఏముందో చూడాలి. పాత రకం సెన్సర్ ఒట్టి పొటెన్షియోమీటర్. అర్ధచంద్రాకారంలో ఒక రెసిస్టెన్స్ పూత, దానిమీద జారుతూ తిరిగే సన్నని లోహపు వేళ్లు. ఆ వేళ్లనే వైపర్ అంటారు. పూత ఒక కొసకి ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, 5 వోల్టులు ఇస్తుంది, రెండో కొసని గ్రౌండ్ చేస్తుంది. థ్రాటిల్ షాఫ్ట్‌తోపాటు వైపర్ తిరిగి, తాను ఆనిన చోట ఎంత వోల్టేజీ ఉంటే అంత సిగ్నల్ వైరులోకి పంపుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పుతుంటే ఒకచోట కరకరమంటుందే, అక్కడా ఇదే జబ్బు. పూత అరిగిన చోట వైపర్ ఒక్క క్షణం కాంటాక్ట్ వదిలేస్తుంది.

పూత అంతటా ఒకేలా అరగదు. కారు నడిపేటప్పుడు మన కాలు ఎక్కువ సేపు ఎక్కడుంటుందో చూడండి. ఐడిల్‌కి కాస్త పైన, పెడల్ కొద్దిగా నొక్కి. అంటే సిగ్నల్ దాదాపు 0.8 నుంచి 1.4 వోల్టుల మధ్య. రోజంతా ఆ చిన్న ముక్కమీదే వైపర్ ముందుకీ వెనక్కీ కదులుతూ, ఇంజిన్ అదురుకి అక్కడికక్కడే రాసుకుంటూ ఉంటుంది. పూర్తిగా తెరిచే చివరి భాగం ఏళ్లు గడిచినా కొత్తదానిలా ఉండొచ్చు. అందుకే ఈ సెన్సర్ పాడైన బండిలో "ఫుల్‌గా తొక్కితే బ్రహ్మాండంగా లాగుతుంది, మామూలు స్పీడులో మాత్రం జర్క్ ఇస్తోంది" అనే ఫిర్యాదు తరచు వినిపిస్తుంది.

వైపర్ కాంటాక్ట్ వదిలేసిన క్షణంలో ఏమవుతుందన్నది సెన్సర్ చేతిలో లేదు, ఈసీయూ చేతిలో ఉంది. ఈసీయూ లోపల సిగ్నల్ వైరుని ఒక రెసిస్టర్‌తో గ్రౌండ్ వైపు లాగి ఉంచితే స్కోప్ గీత సూదిలా కిందికి పడుతుంది. 5 వోల్టుల వైపు లాగి ఉంచితే పైకి లేస్తుంది. కిందికి పడితే ఈసీయూ దృష్టిలో డ్రైవర్ ఉన్నట్టుండి కాలు తీసేశాడు. ఇంధనం తగ్గించాలి. మరుక్షణం సిగ్నల్ తిరిగొచ్చింది, అంటే మళ్లీ గట్టిగా తొక్కాడు. ఇంధనం పెంచాలి. కాలు మాత్రం కదల్లేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే గొడవ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే గేర్ ఎప్పుడు మార్చాలో, ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే టార్క్ కన్వర్టర్ లాక్ ఎప్పుడు విడవాలో తేల్చుకోవడానికి అదీ ఈ సిగ్నల్‌నే చూస్తుంది. పాపం, నింద వెళ్లి గేర్‌బాక్స్ మీద పడుతుంది.

ఇప్పుడు మీటర్ సంగతి. మామూలు డిజిటల్ మల్టీమీటర్ స్క్రీన్ మీద అంకె సెకనుకు మూడు నాలుగుసార్లు మారుతుంది. మధ్య కాలంలో వచ్చినదాన్నంతా సగటు చేసి చూపిస్తుంది. ఒక రీడింగ్‌కి 300 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. సిగ్నల్ 1.10 వోల్టుల దగ్గర నిలకడగా ఉండగా 5 మిల్లీసెకన్లపాటు సున్నాకి పడి లేచింది. సగటులో తగ్గేది 0.02 వోల్టులకి లోపే. స్క్రీన్ మీద 1.10 కాస్తా ఒక్కసారి 1.08 అయి మళ్లీ 1.10 అవుతుంది. పైగా మనం థ్రాటిల్ తిప్పుతున్నాం, అంకెలు ఎలాగూ మారుతున్నాయి. ఆ 0.02ని పట్టే కన్ను ఎవరికుంటుంది? మీటర్ అబద్ధం చెప్పలేదు, అడిగిన ప్రశ్నకి నిజాయితీగానే జవాబిచ్చింది. మనమే తప్పు ప్రశ్న వేశాం. ఈ జబ్బు వోల్టేజీ విలువలో లేదు, కాలంలో ఉంది.

మిన్-మాక్స్, అంటే వచ్చినవాటిలో అతి తక్కువ, అతి ఎక్కువ విలువలు, పట్టే మీటర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కాస్త నయమే, మంచి మోడళ్లలో మిల్లీసెకను కన్నా చిన్న దెబ్బని కూడా పట్టే పీక్ మోడ్ ఉంటుంది. కానీ అవి ఒక అంకె చేతిలో పెడతాయి, అంతే. ఆ దెబ్బ థ్రాటిల్ ఏ కోణంలో ఉండగా తగిలింది, ఎంతసేపు ఉంది, ఒక్కటేనా లేక వరసగా వచ్చాయా, ఇవేవీ చెప్పవు. చిత్రమేమిటంటే, పాతకాలపు ముల్లు మీటర్ ఈ విషయంలో సాదా డిజిటల్ మీటర్ కన్నా మేలు. దెబ్బ కాస్త పెద్దదైతే ముల్లు ఉలిక్కిపడుతుంది. ఇక కనెక్టర్ పీకేసి ఓమ్స్‌లో పెట్టి చూసే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. ఈసీయూ ఇచ్చే 5 వోల్టులు, ఈసీయూ లోపలి రెసిస్టర్, కనెక్టర్ పిన్నులు అన్నీ పక్కనపెట్టి చేసే పరీక్ష అది.

ఈసీయూకి తగిలించి దాని అంకెలు చదివే స్కానర్ గ్రాఫ్ చాలదా? ఈ వాదనకి నేను కాస్త మర్యాద ఇస్తాను. స్కానర్ పెట్టడం తేలిక, డ్రైవ్ చేస్తూ చూడొచ్చు, బానెట్ ఎత్తే పనే లేదు. కానీ స్కానర్లు వాడే ఓబీడీ-2 ప్రమాణంలో థ్రాటిల్ స్థానం వచ్చేది ఒక్క బైట్‌లో, 0 నుంచి 255 వరకు, అంటే దాదాపు 0.4 శాతం మెట్లుగా. అది పర్వాలేదు, మెట్టు చిన్నదే. అసలు సమస్య వేగం. కే-లైన్ అనే పాత వైరు మీద మాట్లాడే బళ్లలో సమాచారం సెకనుకు 10,400 బిట్ల చొప్పున నడుస్తుంది, స్కానర్ ఒక్కో విలువనీ అడిగి మరీ తెచ్చుకోవాలి. నాలుగైదు విలువలు కలిపి పెట్టుకుంటే సెకనుకు గుప్పెడు రీడింగులు కూడా రావు. క్యాన్ అనే వేగమైన లైను ఉన్న బళ్లలో ఇంతకన్నా చాలా నయం. అయినా స్కానర్ చూపించేది వైరులో ఉన్న వోల్టేజీ కాదు, ఈసీయూ చదివి, వడగట్టి, తనకి నచ్చాక బయటపెట్టిన అంకె. కొన్ని ఈసీయూలు సిగ్నల్ మీద అనుమానం రాగానే దాన్ని పక్కనపెట్టి ఊహించిన విలువని చూపిస్తాయి కూడా.

"కోడ్ రాలేదుగా" అన్న మాట కూడా ఇలాంటిదే. కోడ్ అంటే ఈసీయూ లోపం గుర్తించి రాసుకునే నంబరు. పీ0122 అంటే సిగ్నల్ మరీ తక్కువ, పీ0123 అంటే మరీ ఎక్కువ, పీ0121 అంటే విలువ పరిస్థితికి పొంతన లేకుండా ఉంది, పీ0124 అంటే వచ్చి పోతోంది. వీటిలో ఏది పడాలన్నా ఈసీయూ పెట్టుకున్న హద్దు దాటాలి, దాటి కొంతసేపు ఉండాలి. ఐదారు మిల్లీసెకన్ల దెబ్బ ఆ గడువు నిండకముందే మాయమవుతుంది. కోడ్ పడేటంత పెద్దది కాదు, కానీ ఇంధనం లెక్క చెడగొట్టేటంత పెద్దదే. ఈ రెంటి మధ్య సందులో బతికే లోపాలే మెకానిక్‌లకి నిద్ర పట్టనివ్వవు.

ఒక ట్రేస్, అంటే స్కోప్ గీసిన గీత, గురించి వివరంగా చెబుతాను. స్నేహితుడి కారు, కేబుల్ థ్రాటిల్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఒకే స్పీడులో పోతుంటే ఎవరో వెనక నుంచి చిన్నగా తోసినట్టు జర్క్. ప్లగ్గులు మార్చారు, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చారు, గేర్ ఆయిల్ మార్చారు. థ్రాటిల్ సెన్సర్‌ని మీటర్‌తో చూసి బాగుందన్నారు. నేను స్కోప్ పెట్టి, కేబుల్ పట్టుకుని థ్రాటిల్‌ని వీలైనంత నిదానంగా తెరిచాను. గీత అర వోల్టు నుంచి ఏటవాలుగా లేచింది. 1 వోల్టు దాటగానే మూడు సూదులు, పక్కపక్కనే. రెండు సగం దాకా దిగి ఆగాయి, ఒకటి దాదాపు సున్నా తాకి వచ్చింది. జూమ్ చేస్తే దాని వెడల్పు 6 మిల్లీసెకన్లు. అడుగు భాగం నున్నగా లేదు, రెండు మూడుసార్లు తెగి అతుక్కున్నట్టు గరుకుగా ఉంది. అక్కడి నుంచి నాలుగున్నర వోల్టుల దాకా గీత మీద చిన్న మచ్చ కూడా లేదు. థ్రాటిల్‌ని వెనక్కి వదులుతూ వస్తే సరిగ్గా అదే ఎత్తులో మళ్లీ అవే సూదులు, వరస మాత్రం తిరగబడింది. ఇంక చెప్పుకోవడానికేముంది. సెన్సర్ మార్చాక జర్క్ పోయింది. గేర్‌బాక్స్‌లో ఏ లోపమూ లేదు, టార్క్ కన్వర్టర్ లాక్ ఆ సూదులు వచ్చినప్పుడల్లా విడిపోయి పడుతోంది.

అలా అని స్కోప్ కొనగానే సత్యం దానంతటదే స్క్రీన్ మీదికి రాదు. తప్పుగా సెట్ చేసిన స్కోప్ ఖరీదైన మల్టీమీటరే. ముఖ్యంగా మెమరీ. థ్రాటిల్‌ని నిదానంగా తెరవాలి కాబట్టి టైమ్‌బేస్, అంటే స్క్రీన్ మీద అడ్డంగా ఒక్కో గడి ఎంత కాలమో, 500 మిల్లీసెకన్లు పెడతాం, పది గళ్లకి 5 సెకన్లు. స్కోప్ మెమరీ 2,500 పాయింట్లే అయితే, ఒక్కో పాయింటుకి 2 మిల్లీసెకన్లు. రెండు పాయింట్ల మధ్య మిల్లీసెకను దెబ్బ తగిలితే దానికి తెలియను కూడా తెలియదు. పది లక్షల పాయింట్లుంటే అదే 5 సెకన్లలో ఒక్కో పాయింటుకి 5 మైక్రోసెకన్లు, ఇక ఏదీ తప్పించుకోదు. మెమరీ తక్కువున్న స్కోప్‌లో పీక్ డిటెక్ట్ అనే మోడ్ ఉంటుంది, తప్పకుండా ఆన్ చేసుకోవాలి. అది లోపల పూర్తి వేగంతో చదువుతూ, ఒక్కో పాయింటుకీ అంతలో వచ్చిన అతి తక్కువ, అతి ఎక్కువ విలువలు దాచిపెడుతుంది. ఈ సంగతి తెలియక "స్కోప్‌తో కూడా చూశాను, ఏమీ లేదు" అనేవాళ్ల మాట నేను నమ్మను. టైమ్‌బేస్ ఎంత, మెమరీ ఎంత అని అడుగుతాను.

మిగతావి పెద్ద విషయాలు కావు. నిలువుగా గడికి 1 వోల్టు, నిలకడ వోల్టేజీని కూడా చూపించే డీసీ కప్లింగ్. ప్రోబ్‌ని కనెక్టర్ వెనక నుంచి, రబ్బర్ సీల్ పక్కగా సన్నని పిన్ను దూర్చి పెట్టాలి. వైరు తొడుగుకి సూదితో బెజ్జం పెట్టొద్దు, ఆ బెజ్జంలోంచే తేమ దిగి కొన్నాళ్లకి రాగి పచ్చగా పొడిపొడి అవుతుంది. కనెక్టర్ పీకొద్దు, సెన్సర్ తన సొంత ఈసీయూతో కలిసి పనిచేస్తుండగానే చూడాలి. ముందు నిదానంగా తెరిచి మూయడం, తర్వాత ఒక్కసారిగా తెరిచి వదలడం. చల్లగా ఉన్నప్పుడు ఏమీ కనపడకపోతే కొంచెం వేడిచేసి, స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ మళ్లీ చూడాలి. కేబుల్ బదులు మోటారుతో తెరుచుకునే ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఆ పళ్లెం దగ్గర వేలు పెట్టొద్దు, మోటారుకి మొహమాటం ఉండదు. పెడల్ తొక్కే తెరవాలి.

ఇక స్కోప్ వల్ల వచ్చే రెండో ప్రమాదం, అది మరీ ఎక్కువ చూపించడం. మొదటిసారి ఇంజిన్ నడుస్తుండగా సిగ్నల్ చూసినవాళ్లకి టెన్షన్ పుడుతుంది. గీత నిండా వెంట్రుకల్లాంటి సూదులు. వాటిలో చాలావరకు ఇగ్నిషన్ కాయిల్, ఇంజెక్టర్ల నుంచి వైర్లలోకి, అసలు మన ప్రోబ్ గ్రౌండ్ తీగలోకే, దూరిన రొద. అవి మైక్రోసెకన్లలో పోతాయి. ఈసీయూ వాటిని వడగట్టేసుకుంటుంది, పట్టించుకోదు. ఆ ట్రేస్ చూసి మంచి సెన్సర్‌ని చెత్తబుట్టలో వేసేవాడు, మీటర్ చూసి చెడ్డ సెన్సర్‌ని వదిలేసేవాడు, ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు.

కాబట్టి సూది కనపడగానే అడగాల్సింది "ఎంత లోతు" అని కాదు, "దేన్ని పట్టుకుని వస్తోంది" అని. థ్రాటిల్ కోణాన్ని పట్టుకుని, తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ అదే వోల్టేజీ దగ్గర వస్తే అది పూత అరుగుడే. ఇంజిన్ ఆర్‌పీఎం పెరిగితే దగ్గరదగ్గరగా, తగ్గితే దూరదూరంగా వస్తూ, ఇంజిన్ ఆపగానే మాయమైతే అది రొద. థ్రాటిల్ కదపకుండా ఉంచి వైరింగ్‌ని చేత్తో కదిపినప్పుడు వస్తే అది తీగదో, కనెక్టర్ పిన్నుదో. తీగ లాగితే డొంక కదలడమంటే ఇక్కడ అక్షరాలా అదే. ఈ మూడింటినీ విడదీసి చూపించేది కాలం మీద గీసిన గీత మాత్రమే. అందుకే నాకు స్కోప్ అంటే పక్షపాతం.

స్కోప్‌తో దొరికే నేరస్థుడు చాలాసార్లు సెన్సర్ కాదు, అది నిజంగా ఆనందించే విషయం. ప్రోబ్ గ్రౌండ్‌ని బ్యాటరీ నెగటివ్‌కే పెట్టి, రెండో చానెల్ సెన్సర్ గ్రౌండ్ పిన్ను మీద పెట్టండి. 5 కిలో ఓమ్‌ల సెన్సర్ గ్రౌండ్ దారిలో తుప్పువల్ల 500 ఓమ్‌లు చేరాయనుకుందాం. సెన్సర్ అడుగే దాదాపు 0.45 వోల్టులు పైకి లేస్తుంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పటి 0.5 కాస్తా 0.9 అవుతుంది, పూర్తిగా తెరిచినప్పటి 4.5 మాత్రం 4.55 దగ్గరే ఆగుతుంది. అదే 500 ఓమ్‌లు 5 వోల్టుల దారిలో ఉంటే కథ తిరగబడుతుంది. మూసినప్పుడు 0.5 కాస్త తగ్గి 0.45, తెరిచినప్పుడు 4.5 పడిపోయి 4.1. కింది కొస లేచిందంటే గ్రౌండ్ వైపు, పై కొస దిగిందంటే రిఫరెన్స్, అంటే 5 వోల్టుల, వైపు వెతకాలి. నిలకడగా ఉన్నప్పుడు ఇది మీటర్‌తోనూ తెలుస్తుంది, మీటర్‌కి ఆ గౌరవం ఇవ్వాల్సిందే. సిగ్నల్ ఎప్పుడూ సున్నాలోనో 5 వోల్టులోనో అతుక్కుపోయి ఉంటే కూడా స్కోప్ తియ్యడం దండగ. 5 వోల్టుల లైను చాలా బళ్లలో ఇతర సెన్సర్లకి కూడా ఉమ్మడిదే. వేరే సెన్సర్ అప్పుడప్పుడు షార్ట్ అయి ఆ లైనుని కిందికి లాగేస్తుంటే, థ్రాటిల్ గీత మీదా సూదులు పడతాయి. మూడో చానెల్ రిఫరెన్స్ మీద ఉంటే రెండూ ఒకేసారి పడటం కంటికి కనపడుతుంది. లేకపోతే ఏ పాపం తెలియని సెన్సర్ మారిపోతుంది.

ఎలక్ట్రానిక్ థ్రాటిల్ వచ్చాక ఇదంతా పాతబడిందని ఒక వాదన. పాతబడలేదు, ఇంకా బాగుపడింది. పెడల్‌కీ థ్రాటిల్ బాడీకీ రెండేసి సిగ్నళ్లు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి కాపలా. కొన్నిటిలో ఒకటి పెరుగుతుంటే రెండోది తగ్గుతుంది, రెండూ కలిపితే ఎప్పుడూ 5 వోల్టులు. రెండు చానెళ్లు పెట్టి, స్కోప్‌లో లెక్క చేసి గీసే మ్యాథ్ చానెల్‌లో రెండిటినీ కూడమనండి. థ్రాటిల్ ఎలా కదిలినా కూడిక గీత బల్లపరుపుగా ఉండాలి. ఏ ఒక్క సిగ్నల్ తొట్రుపడినా ఆ చదునైన గీత మీద అది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పెడల్ సెన్సర్లలో ఒకటి రెండోదానికి సగం ఉండే రకాలున్నాయి, అక్కడ ఒకదాన్ని రెట్టింపు చేసి తీసివేస్తే సున్నా గీత రావాలి. రెండు సిగ్నళ్లకీ పొంతన కుదరలేదనే పీ2135 కోడ్ పడి, బండి పవర్ తగ్గించుకుని మెల్లగా నడిచే లింప్ మోడ్‌లోకి పోయి, వర్క్‌షాప్‌కి రాగానే బుద్ధిమంతుడిలా నడిచే కేసుల్లో నేను మొదట పెట్టేది ఇదే.

కొత్త సెన్సర్లలో చాలావాటికి పూతా లేదు, వైపరూ లేదు. అయస్కాంతంతోనో, కాయిల్స్‌తోనో తాకకుండానే కోణం కొలుస్తాయి. అరుగుడు సమస్య పోయింది, కనెక్టర్లూ వైర్లూ ఎక్కడికీ పోలేదు. ఇంకా కొత్తవాటిలో సెంట్ అనే డిజిటల్ పద్ధతి వచ్చింది. సిగ్నల్ వైరుకి మీటర్ పెడితే థ్రాటిల్‌తో సంబంధం లేని ఏదో ఒక అర్థంకాని సగటు వోల్టేజీ వస్తుంది. అక్కడ సమాచారం వోల్టేజీ ఎత్తులో లేదు, పల్సుల మధ్య దూరంలో ఉంది. దాన్ని చూసి "సిగ్నల్ రావట్లేదు" అని థ్రాటిల్ బాడీ మార్చేవాళ్లు ఉంటారు. స్కోప్ పెడితే కనీసం పల్సులు వస్తున్నాయో లేదో, అంచులు నిటారుగా ఉన్నాయో వంగిపోయాయో తెలుస్తుంది.

"ఇంత తతంగం దేనికి, కొత్త సెన్సర్ వేసి చూస్తే పోలా?" అని అడిగేవాళ్లకి ఒక్కటే చెబుతాను. విడిగా దొరికే సెన్సర్ అయినప్పుడు ఆ మాటలో కొంత న్యాయం ఉంది. ఇప్పుడు చాలా బళ్లలో సెన్సర్ థ్రాటిల్ బాడీలో భాగం, మారిస్తే మొత్తం మార్చాలి, తర్వాత ఈసీయూకి కొత్తదాని మూసిన స్థానం నేర్పించాలి. అంతా చేశాక తప్పు గ్రౌండ్ పిన్నుదని తేలితే? ఇంకా చిరాకైన సంగతి, కనెక్టర్ పీకి పెట్టినప్పుడు పిన్ను మీది తుప్పు కాస్త రాలి, కొత్త భాగం వేసిన వారం రోజులు బండి బాగా నడుస్తుంది. అందరూ సంతోషపడతారు, బిల్లు కట్టేస్తారు, ఆ తర్వాత అదే జర్క్.

స్కోప్ ఇచ్చే తీర్పుకి కూడా హద్దుంది. ఆ వేడిలో, ఆ అదురులో, ఆ కాసేపట్లో దెబ్బ తగల్లేదనే అది చెప్పగలదు. ట్రేస్ శుభ్రంగా ఉన్నా ఫిర్యాదు అలాగే ఉంటే, ప్రోబులు తియ్యకుండా వైర్లు లోపలికి లాక్కుని, పొడుగు రికార్డింగ్ పెట్టి, జర్క్ వచ్చేదాకా డ్రైవ్ చెయ్యాలి. పక్క సీట్లో ఇంకొకరు కూర్చుంటే మంచిది. భాగం మార్చాక కూడా అదే సెట్టింగ్‌తో మళ్లీ ట్రేస్ తీసి, పాతదాని పక్కన సేవ్ చేసి పెట్టుకుంటాను. పెట్టెలోంచి అప్పుడే తీసిన సెన్సర్ గీతలోనూ ఒకసారి సూది కనపడింది మరి.